కంబాలకొండ ఎక్కే ముందు గుండె మాట వినండి

ఆదివారం తెల్లవారిందంటే విశాఖలో హనుమంతవాక దాటాక జాతీయ రహదారి మీద ఒక సందడి కనిపిస్తుంది. కొత్త బూట్లు, నీళ్ల సీసాలు, వెనక సీట్లో నిద్ర తీరని పిల్లలు. సముద్రం కావాలనుకునేవాళ్లు రుషికొండ వైపు మళ్లితే, చెట్టూ కొండా కావాలనుకునేవాళ్లు కంబాలకొండ గేటు దగ్గర ఆగుతారు. వారమంతా కుర్చీకి అతుక్కుపోయిన ఒళ్లు ఒక్క పూటలో బాకీ తీర్చేయాలనుకుంటుంది. ఆ లెక్క సోమవారం మా మెడికల్ ఓపీలో తేలుతుంది. కొండ దిగుతుంటే మోకాలు పట్టేసిందని ఒకరు, కళ్లు తిరిగి కూలబడ్డానని ఇంకొకరు వస్తారు. ఛాతీలో ‘గ్యాస్’ పట్టిందని వచ్చేవాళ్లూ ఉంటారు. ఈ మూడోవాళ్లను చూసినప్పుడే మాకు భయం.

అలాగని అడవికి వెళ్లొద్దని చెప్పడానికి కాదు ఈ వ్యాసం. నా దగ్గరికి వచ్చే షుగరు, బీపీ రోగుల్లో చాలామందికి నేనే కంబాలకొండ పేరు చెబుతుంటాను. కాకపోతే మందుకు మోతాదు ఉన్నట్టే కొండకూ ఉంటుంది. అది మనిషిని బట్టి మారుతుంది. ఆ మోతాదు ఎలా తెలుసుకోవాలన్నదే ఇక్కడ అసలు విషయం.

ఊరి పక్కనే అడవి

కంబాలకొండ ఒకప్పుడు విజయనగరం రాజుల ఆధీనంలో ఉన్న అడవి. 2002లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. తూర్పు కనుమల అంచు సముద్రానికి ఇంత దగ్గరగా వచ్చే చోట, రహదారికి ఒక పక్క జూ పార్కు, మరో పక్క ఈ అడవి. చిరుతలు, దుప్పులు, కణుజులు, అడవి పందులు, నెమళ్లు ఉన్న ఇలాంటి చోటుకి సిటీ బస్సులో వెళ్లి దిగగలగడం అన్ని నగరాలకూ దొరికే అదృష్టం కాదు.

2011 జనాభా లెక్కల నాటికే 17 లక్షలు దాటిన నగరం మనది. ఆ తర్వాత ఊరు పెరిగిన తీరు చూడాలంటే మధురవాడ వెళ్తే చాలు. ఒకప్పుడు ఊరి బయట అనుకున్న కొండల చుట్టూ ఇప్పుడు అపార్టుమెంట్లే. పైగా విశాఖ నేల తీరు గిన్నెలాంటిది. చుట్టూ కొండలు, మధ్యలో నౌకాశ్రయం, పరిశ్రమలు, వాహనాలు. పొగ తేలిగ్గా బయటికి పోదు. ఆస్తమా, సీఓపీడీ రోగులు చలికాలంలో మా దగ్గరికి ఎక్కువగా రావడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలో నీడనిచ్చే చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. కంబాలకొండ కూడా బాగా దెబ్బతింది. మరుసటి ఏడాది మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2 వేల మందికి పైగా చనిపోయారు. ఆ మరణాలన్నిటికీ చెట్లు లేకపోవడమే కారణమని అనను. కానీ ఎండలో పనిచేసే మనిషికి నీడ ఎంత అవసరమో ఆ వేసవిలో ఆసుపత్రుల్లో పనిచేసిన ఏ వైద్యుడూ మర్చిపోడు. చెట్టు నీడనిస్తుంది, ఆకుల నుంచి నీటిని ఆవిరిగా వదిలి చుట్టుపక్కల గాలిని చల్లబరుస్తుంది. దీనికి కరెంటు బిల్లు రాదు.

అడవిలో నడిస్తే ఏమవుతుంది?

చెట్ల మధ్య నడకకు జపాన్ అటవీ విభాగం 1982లో ‘షిన్రిన్ యోకు’ అని పేరు పెట్టింది. అడవి గాలిలో స్నానం చేయడమని దాని భావం. ఇప్పుడు అదే పేరుతో కొన్ని రిసార్టులు వేలకు వేలు ప్యాకేజీలు అమ్ముతున్నాయి. మన గేటు దగ్గర టికెట్టు కొనుక్కుంటే సరిపోయే పని అది.

దీని మీద పరిశోధనలు కొత్తవి కావు. అమెరికాలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న రోగుల రికార్డులను ఒక పరిశోధకుడు పోల్చి చూసి 1984లో ప్రచురించారు. కిటికీలోంచి చెట్లు కనిపించిన గదుల్లోని వాళ్లకు గట్టి నొప్పి మందుల అవసరం తగ్గింది. ఇటుక గోడ కనిపించిన వాళ్లకంటే కాస్త ముందే ఇంటికి వెళ్లారు. 2019లో ఇంగ్లండులో దాదాపు 20 వేల మంది మీద చేసిన అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా కనపడలేదు. ఇలాంటి అధ్యయనాలతో చిక్కు ఏమిటంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లే పార్కులకు ఎక్కువగా వెళ్తుండొచ్చు కదా! కాబట్టి చెట్టును కౌగిలించుకుంటే షుగరు తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నడిస్తే తగ్గుతుంది. చెట్ల మధ్య అయితే నడక బరువనిపించదు, రేపు కూడా రావాలనిపిస్తుంది. నా దృష్టిలో అడవి చేసే పెద్ద మేలు ఇదే. ట్రెడ్‌మిల్ కొనుక్కుని దాని మీద బట్టలు ఆరేసుకునే ఇళ్లు నేను చాలా చూశాను.

పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఓ మోస్తరు శ్రమ అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఒక్క వాక్యం పూర్తి చేయడానికి మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తోందంటే మోతాదు మించిందని గుర్తు.

‘గ్యాసండీ డాక్టరుగారూ’

యాభై దాటిన ఒక హార్డ్‌వేర్ షాపు యజమాని ఒక సోమవారం ఓపీకి వచ్చారు. ఆదివారం స్నేహితులతో కొండ ఎక్కుతుంటే ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టయింది. ఒక రాయి మీద కూర్చుంటే ఐదు నిమిషాల్లో తగ్గిపోయింది. మళ్లీ ఎక్కబోతే మళ్లీ వచ్చింది. ‘గ్యాసండీ డాక్టరుగారూ, పొద్దున్న పూరీలు తిని బయల్దేరాను’ అన్నారాయన. పక్కనే ఉన్న భార్య ఊరుకోలేదు. ‘మొన్న మేడ మెట్లెక్కినప్పుడూ వచ్చిందిగా మీకు? ఆ రోజు పూరీలు తినలేదే!’ అంది. రోగనిర్ధారణ సగం ఆవిడే చేసేసింది.

శ్రమపడితే వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ బరువును గ్యాస్ అనుకోకూడదు. అది యాంజైనా కావచ్చు. గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే ధమనులు సుమారు 70 శాతం పూడుకుపోయే వరకూ చాలామందికి కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. కొండ ఎక్కేటప్పుడు గుండె వేగం పెరిగి, ఎక్కువ రక్తం అడుగుతుంది. ఇరుకైన గొట్టం అంత ఇవ్వలేదు. అప్పుడే బరువు, మంట, బిగుతు. అది ఎడమచేతికి, దవడకు, వీపుకు పాకొచ్చు. షుగరు ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారడం వల్ల నొప్పి లేకుండా ఆయాసం, విపరీతమైన చెమట, నీరసం మాత్రమే రావొచ్చు. ఆడవాళ్లలోనూ లక్షణాలు ఇలా తికమకగా ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు ‘పనెక్కువై అలిసిపోయింది’ అని సరిపెట్టేస్తుంటారు.

ఆయనకు ఈసీజీ మామూలుగానే ఉంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టు కాదు. ట్రెడ్‌మిల్ పరీక్ష మూడు నాలుగు నిమిషాల్లోనే ఆపేయాల్సి వచ్చింది. యాంజియోగ్రామ్‌లో రెండు ధమనుల్లో పూడికలు కనిపించాయి. ప్రభుత్వ పథకం కింద స్టెంట్లు వేశారు. మూడు నెలల తర్వాత మళ్లీ కంబాలకొండ వెళ్లారు, కొండ మీదికి కాదు, కింద చదునుగా ఉన్న దారిలో. ఆయనతోపాటు వెళ్లే నలుగురు స్నేహితులూ ఆ నెలలోనే వచ్చి బీపీ, షుగరు చూపించుకున్నారు. వాళ్లలో ఇద్దరికి బీపీ ఉన్న సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు.

అలవాటు లేని ఒంటికి హఠాత్తుగా కఠినమైన శ్రమ పడితే ఆ సమయంలోనూ, ఆ తర్వాత గంటసేపూ గుండెపోటు ముప్పు చాలా రెట్లు పెరుగుతుందని 1990ల నుంచీ అధ్యయనాలు చెబుతున్నాయి. వారంలో నాలుగైదు రోజులు నడిచేవాళ్లలో ఆ పెరుగుదల చాలా తక్కువ. అంటే ఆదివారం కొండ ఎక్కడానికి అర్హత సోమవారం నుంచి శనివారం దాకా సంపాదించుకోవాలి. ఇంటి దగ్గర రోజూ అరగంట నడక, ఆరు వారాలు. ఆ తర్వాత చిన్న ఎత్తు. అక్కడ ఇబ్బంది లేకపోతే ఇంకాస్త ఎత్తు. నలభై దాటి పొగ తాగే అలవాటు, బీపీ, షుగరు, దగ్గరి రక్తసంబంధీకుల్లో చిన్న వయసు గుండెపోటు వీటిలో ఏదున్నా ముందే ఒకసారి డాక్టరును కలవండి.

నడుస్తుండగా ఛాతీలో బరువు వస్తే వెంటనే ఆగిపోండి. ‘ఆ మలుపు దాకా వెళ్లి ఆగుదాం’ అనుకోవద్దు. పది పదిహేను నిమిషాలు కూర్చున్నా తగ్గకపోయినా, చెమటలు పట్టినా 108కి ఫోన్ చేయండి. లోపల ఫోను సిగ్నలు అన్నిచోట్లా ఒకేలా అందుతుందని నమ్ముకోకూడదు. అందుకే ఒంటరిగా వెళ్లొద్దు. రోగిని నడిపించుకుంటూ కిందికి తీసుకురాకండి. అటవీ సిబ్బందికి కబురు చేసి మోసుకుని తీసుకురావాలి. నొప్పి తగ్గిపోయినా సరే, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. సోమవారం ఓపీ దాకా ఆగకూడదు.

మోకాలికి కష్టం దిగేటప్పుడే

ఎక్కేటప్పుడు పనంతా గుండె, ఊపిరితిత్తులది. దిగేటప్పుడు మోకాలిది. కిందికి వేసే ప్రతి అడుగులోనూ మోకాలిచిప్ప మీద శరీర బరువుకు మూడు నాలుగు రెట్లు ఒత్తిడి పడుతుంది. 80 కిలోల మనిషి లెక్క మీరే వేసుకోండి. అందుకే కీళ్ల అరుగుదల ఉన్నవాళ్లు ‘ఎక్కగలిగాను కదా’ అని ధైర్యపడకూడదు. చిన్న అడుగులు, చేతికర్ర, అంచు పట్టు ఉన్న బూట్లు. చెప్పులతో కొండ దిగి మడమ మెలిపెట్టుకున్నవాళ్లు ప్రతి సీజన్లో ఉంటారు.

షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు

గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు పరగడుపున కొండెక్కడం ప్రమాదం. ‘ఇవాళ బాగా నడుస్తాను కదా’ అని టిఫిన్ మానేసి, మాత్ర మాత్రం వేసుకుని వచ్చేవాళ్లను చూస్తుంటాం. వణుకు, చెమట, తడబాటు, మాట తేడా రావడం షుగరు పడిపోతోందనడానికి గుర్తులు. జేబులో పంచదార గానీ గ్లూకోజు పొడి గానీ ఉంచుకోండి. మూడు చెంచాలు తినిపించి పావుగంట చూడండి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకండి. గట్టిగా శ్రమపడిన రోజు రాత్రి కూడా షుగరు పడిపోవచ్చని గుర్తుంచుకుని, పడుకునే ముందు ఒకసారి చూసుకోవడం మంచిది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఇంటికి రాగానే బూట్లు విప్పి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. ముల్లు దిగినా వాళ్లకు తెలియదు.

మన విశాఖ ఎండలో ఇంకో మెలిక ఉంది. ఉష్ణోగ్రత 34 డిగ్రీలే చూపించినా గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. చెట్ల కింద నీడ ఉంది కదా అని తొమ్మిది దాటాక ఎక్కడం మొదలుపెడితే, దిగే వేళకు ఎండదెబ్బ లక్షణాలు వస్తాయి. మార్చి నుంచి జూన్ వరకూ గేటు తెరవగానే వెళ్లి, ఎండెక్కేలోపు తిరిగొచ్చేయండి. దాహం వేసేదాకా ఆగకుండా గంటకు అరలీటరైనా నీళ్లు తాగండి. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంత తాగాలో తమ డాక్టరునే అడగాలి.

చిరుత కంటే చిన్న పురుగే ప్రమాదం

కంబాలకొండ అనగానే అందరూ అడిగేది చిరుత గురించే. చుట్టుపక్కల కాలనీల్లో చిరుత కనిపించిందంటే ఆ వారమంతా వాట్సాప్‌లో అదే చర్చ. చీకటి వేళల్లో తిరగకుండా, పిల్లల్ని ముందుకు పరిగెత్తనివ్వకుండా, అటవీ శాఖ చూపిన దారిలో గుంపుగా నడిస్తే చిరుత మీ జోలికి రావడం చాలా అరుదు. మేం వైద్యులం భయపడేది కంటికి కనిపించీ కనిపించని చిగ్గర్ అనే నల్లి పిల్లకు.

వానలు పడ్డాక, ముఖ్యంగా ఆగస్టు నుంచి చలికాలం దాకా, గడ్డిలో పొదల్లో ఈ పురుగులు ఎక్కువ. వీటిలో కొన్ని కుట్టినప్పుడు స్క్రబ్ టైఫస్ కలిగించే సూక్ష్మజీవి ఒంట్లోకి వస్తుంది. కుట్టిన సంగతి చాలామందికి తెలియదు. వారం నుంచి మూడు వారాల లోపు విపరీతమైన జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. చూడటానికి టైఫాయిడ్‌లా, డెంగీలా ఉంటుంది. ప్లేట్‌లెట్లు కూడా తగ్గొచ్చు. దాంతో ప్లేట్‌లెట్ల లెక్క చూసుకుంటూ రోజులు గడిచిపోతాయి. ఈలోపు జబ్బు ఊపిరితిత్తులకు, కిడ్నీలకు, మెదడుకు పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

చాలామందికి, అందరికీ కాదు, పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి, దురద ఉండవు. పైగా అది చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర బట్ట బిగుసుకునే చోట, ఆడవాళ్లలో రొమ్ముల కింద దాక్కుంటుంది. రోగి చెప్పడు, డాక్టరు బట్ట తీసి చూడకపోతే దొరకదు. రక్తపరీక్ష కూడా మొదటి వారంలో నెగెటివ్ రావొచ్చు. అదే పెచ్చు కనపడిందంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెడతాం. డాక్సీసైక్లిన్ చాలా చవకైన మందు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తాం. సకాలంలో ఇస్తే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. మందుల షాపులో తెచ్చుకునే అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ లాంటివి దీనికి పనిచేయవు.

కాబట్టి అడవికి వెళ్లొచ్చిన మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకు చెప్పాల్సిన మొదటి మాట ‘నేను ఫలానా రోజు కంబాలకొండ వెళ్లాను’ అని. నిండు చేతుల చొక్కా, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోవడం, డీట్ ఉన్న దోమల క్రీము రాసుకోవడం రక్షణ. ఫొటోల కోసం గడ్డిలో పడుకోవద్దు. కూర్చోవాలంటే దుప్పటి పరుచుకోండి. ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, విప్పిన బట్టలు వేడినీళ్లలో వేయండి. పిల్లల చంకలు, గజ్జలు, చెవుల వెనక ఒకసారి చూడండి.

పాము కాటేస్తే

మన దేశంలో పాముకాటు వల్ల ఏటా సగటున 58 వేల మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా. ఎక్కువ మంది పొలాల్లో, ఇళ్ల దగ్గర కాటుకు గురైనవాళ్లే, విహారానికి వెళ్లినవాళ్లు కాదు. అయినా దారి వదిలి పొదల్లోకి వెళ్లొద్దు, రాళ్ల సందుల్లో చేతులు పెట్టొద్దు. కాటు పడితే గట్టిగా తాడు కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం వద్దే వద్దు. ఎముక విరిగినప్పుడు చేసినట్టు ఆ కాలిని గానీ చేతిని గానీ కదలకుండా కర్రతో కట్టి, ఉంగరాలు, మెట్టెలు, గడియారం తీసేసి, వీలైనంత త్వరగా ఆసుపత్రికి తీసుకురండి. పామును చంపి తీసుకురావాల్సిన పనిలేదు. కాటు పడిన సమయం చెబితే మాకు ఎక్కువ ఉపయోగం. రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అందుకే గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తాం. ‘మా పేషెంటును వదిలేసి గొట్టం ముందు కూర్చున్నారు’ అని బంధువులు కోప్పడుతుంటారు. విషానికి విరుగుడు ఇవ్వాలా వద్దా అన్నది ఆ గొట్టమే చెబుతుంది మరి. ఆ మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

కోతులకు తిండి పెట్టకండి. చేతిలో అరటిపండు చూసి మీదికొచ్చిన కోతి గీరినా, కొరికినా ఆ చోటును ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. మీరు వదిలేసి వచ్చిన బిర్యానీ ఎంగిలికి కుక్కలు, అడవి పందులు వస్తాయి, వాటి కోసం చిరుత గేటు దాకా వస్తుంది. ఆ మర్నాడు వాట్సాప్‌లో భయపడేది మళ్లీ మనమే.

పెద్దవాళ్లను ఇంట్లో వదిలేసి వెళ్తున్నారా?

‘అమ్మకు మోకాళ్లనొప్పులు, కొండెక్కలేదు’ అని ఇంట్లో ఉంచి వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. కొండ ఎక్కితేనే అడవి చూసినట్టా? కింద చెరువు ఉంది, చదును దారి ఉంది, నీడ ఉంది. వాళ్లతో వెళ్లేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. నీరు పోయే రకం బీపీ మాత్ర పొద్దున్నే వేసుకునేవాళ్లు ‘మధ్యలో బాత్రూమ్‌కి ఎక్కడికి పోతాం’ అన్న బెంగతోనే నీళ్లు తాగడం మానేస్తారు. ఆ రోజు మాత్ర ఏ వేళకు వేసుకోవాలో ముందే డాక్టరును అడిగి మార్చుకోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ కారులో కాదు, చేతిసంచిలో పెట్టుకోవాలి. వంద అడుగులు వేసి కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. అక్కడినుంచి లేవనని మొండికేస్తే, మీరూ కాసేపు పక్కన కూర్చోండి. ఆ రోజుకు ఆవిడ మోతాదు అంతే.